ఆరు చక్రాల బాతు

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఉత్తరపు కొసను, మిషిగన్ సరస్సుకు పడమటి దిక్కున విస్కాన్సిన్ అనే రాష్ట్రం ఉన్నది. పాడికీ, వెన్నకూ, జున్నుకూ పేరుపడిన సీమ. దాని రాజధాని మాడిసన్ పట్టణం. అక్కడికి వాయవ్యంగా సుమారు 50 మైళ్ళు పోతే, రాష్ట్రం పేరే తనకూ ఉన్న నది ఒడ్డున విస్కాన్సిన్ డెల్స్ అనే చిన్న ఊరు వస్తుంది. ఆ ఊళ్ళో మేము చూసిన వింత వాహనాన్ని గురించీ, దానికి పడే చాకిరీని గురించీ ఈ నాలుగు మాటలు.

2024 జూన్‌లో మేము ముగ్గురం, అంటే దంపతులమూ మా అబ్బాయీ, బరంపురం నుంచి బయలుదేరి మాడిసన్‌లో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడి ఇంట్లో నెల రోజులు ఉన్నాము. గుమాస్తా జీతంతో అమెరికా ప్రయాణం ఎల్లా కుదిరిందని పాఠకులకు సందేహం రావచ్చు. టిక్కెట్లు తమ్ముడివి, సెలవు మాత్రం మాది.

డెల్స్ అన్న మాట ఫ్రెంచివారిది. వారి భాషలో పరచిన రాతిపలకలను అల్లాంటి మాటతో పిలుస్తారట. నది అక్కడ ఇసుకరాతి గుట్టలను కోసుకొంటూ ఇరుకున పడి పారుతుంది. రెండు ప్రక్కలా గోడలు లేచి ఉంటవి. ఆ గోడలు ఒకే రాయిగా కనబడవు. మన ఇళ్ళల్లో పెసరట్లు ఒకదానిమీద ఒకటి పేర్చినట్లు పొరలు పొరలుగా ఉంటవి. హిమయుగం చివర ఒక మహా సరస్సు కట్ట తెగి, ఆ నీరంతా ఒక్కసారిగా పరుగెత్తి ఈ ఇరుకులను తొలిచిందని శాస్త్రజ్ఞులు చెబుతారు. ఈ చోటు మొదట హో-చంక్ అనే ఆదివాసులది. ఆ తరువాత తెల్లవారు వచ్చి కిల్‌బోర్న్ సిటీ అని ఊరు కట్టుకొన్నారు. బెన్నెట్ అనే ఛాయాచిత్రకారుడు అక్కడ కాపురముండి ఆ రాళ్ళకు ఫొటోలు తీసి దేశమంతా అమ్మాడు. 1886లో తన కొడుకు ఒక రాతి స్తంభం మీది నుంచి మరొకదాని మీదికి దూకుతుండగా, కాళ్ళు గాలిలో ఉండగానే ఫొటో తీశాడు. ఆ రోజుల్లో అది గొప్ప సంగతే. అల్లా పేరు పాకి, జనం రావడం మొదలై, 1931లో ఊరి పేరునే విస్కాన్సిన్ డెల్స్‌గా మార్చేశారు. ఇప్పుడు ఊరి నిండా జారుడు కాలవలూ, కృత్రిమమైన కెరటాలూ, ప్లాస్టిక్ ఏనుగులూను. పిల్లలకు స్వర్గమే. మాకు మట్టుకు నది చాలుననిపించింది.

ఆ ఊరి వీధుల్లో నడుస్తుండగా ఒక వాహనం ఎదురయింది. ముందునుంచి చూస్తే పడవ ముక్కు. ప్రక్కనుంచి చూస్తే లారీ. వెనుకనుంచి చూస్తే మళ్ళీ పడవే: క్రింద ఒక సొరంగంలాంటి గూడు, అందులో నీటిని త్రోసే పంకా, దాని వెనుక చుక్కాని. ఆరు చక్రాలు. లోపల ఇరవైమంది జనం కూర్చుని కేరింతలు కొడుతున్నారు. మా అబ్బాయి రోడ్డు మధ్యనే నిలబడిపోయాడు.

"ఇది బాతు పెదనాన్నా, దీన్ని డక్ అంటారు," అన్నది మా తమ్ముడి కూతురు.

బాతు అనేది ముద్దుపేరే. అసలు పేరు నాలుగు అక్షరాలు: డి, యు, కె, డబ్ల్యు. అవి జనరల్ మోటార్స్ కంపెనీవారి లెక్కగుర్తులు. డి అంటే 1942వ సంవత్సరపు నమూనా. యు అంటే బహువిధాల ఉపయోగపడే బండి. కె అంటే ముందు చక్రాలకూ ఇంజను బలం అందుతుందని. డబ్ల్యు అంటే వెనుక రెండు ఇరుసులున్నవని. నాలుగూ కలిపి పలికితే డక్ అనే వచ్చింది. ఆఫీసులో ఫైళ్ళకు అంకెలు వేసేవారి చేతిలోనుంచి ఇంత చక్కని పేరు పుట్టడం అరుదు. మాకా అనుభవం ఉన్నది గనుక చెబుతున్నాము.

ఇది యుద్ధకాలపు సృష్టి. రేవు లేని తీరంలో ఓడలనుంచి సామాను ఒడ్డుకు చేర్చాలి. పడవైతే ఇసుక దగ్గర ఆగిపోతుంది, అక్కడినుంచి మళ్ళీ లారీలోకి ఎత్తాలి. అందుచేత అప్పటికే సైన్యంలో నడుస్తున్న రెండున్నర టన్నుల లారీనే తీసుకొని, దాని చుట్టూ ఇనుపరేకుతో పడవ తొట్టి కట్టారు. పడవల రూపశిల్పి రాడ్ స్టీఫెన్స్, సముద్రయానాల్లో ఆరితేరిన డెన్నిస్ పుల్స్టన్ అనే ఆంగ్లేయుడు, ఫ్రాంక్ స్పియర్ అనే ఇంజనీరు దీనికి మూలపురుషులు. సైనికాధికారులకు మొదట నమ్మకం కుదరలేదు. 1942 డిసెంబరులో మసాచుసెట్స్ రాష్ట్రంలోని ప్రావిన్స్‌టౌన్ దగ్గర, తుఫానులో తీరరక్షక దళంవారి పడవ ఒకటి ఇసుకతిన్నెకు తగులుకొని, ఏడుగురు అందులో చిక్కుబడ్డారు. ఏ పడవా దగ్గరకు పోలేని కెరటాలు. పరీక్ష నిమిత్తం అక్కడికి తెచ్చిన డక్ ఒకటి ఒడ్డునుంచి తిన్నగా సముద్రంలోకి దిగి, ఏడుగురినీ ఎక్కించుకొని, తిన్నగా రోడ్డెక్కింది. ఆ తరువాత ఇక ఎవరూ నోరెత్తలేదు. మొత్తం మీద సుమారు 21,000 బళ్ళు తయారైనవి. 1943లో సిసిలీలో, 1944లో నార్మండీలో తీరాన దిగిన సైన్యాలకు ఇవే సామాను మోశాయి.

యుద్ధం ముగిశాక వీటికి పని లేకపోయింది. కారుచౌకగా అమ్మేశారు. 1946లో ఇద్దరు మనుషులు ఒకదానిని డెల్స్‌కు తెచ్చి, జనాన్ని ఎక్కించుకొని కొండదారుల్లో త్రిప్పి నదిలోకి దించడం మొదలుపెట్టారు. అప్పటినుంచీ అదే వ్యాపారం. కొత్తవి చేసేవారు లేరు. అంటే మేము వీధిలో చూసిన బండికి ఎనభై ఏళ్ళు. మా ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు నిండిన జీపును పనికిరానిదని వేలం వేశారు. ఎనభై ఏళ్ళ బండి, అందులోనూ నీటిలో దిగే బండి, రోజుకు ఇన్నిసార్లు మనుషులను మోస్తున్నదంటే దాని వెనుక ఎవరో కంటికి కునుకు లేకుండా కనిపెట్టి ఉండాలి గదా అనుకొన్నాము.

పిల్లలు ఎక్కుదామన్నారు. మా మరదలు వీలులేదన్నది.

"బావగారూ, మీకు తెలియదేమో. బ్రాన్సన్‌లో ఏమయిందో నేను టీవీలో చూశాను. నా పిల్లల్ని ఎక్కించను," అని ఖచ్చితంగా చెప్పేసింది.

ఆ సంగతి ఇది. 2018 జులై 19న మిస్సోరీ రాష్ట్రంలో బ్రాన్సన్ ఊరి దగ్గర టేబుల్ రాక్ అనే చెరువులో ఇల్లాంటి బండే మునిగిపోయింది. 31 మంది ఎక్కితే 17 మంది చనిపోయారు. గాలివాన వస్తుందన్న హెచ్చరిక వచ్చిన తరువాతే ఆ బండి నీటిలో దిగింది. కెరటాలు ముక్కు మీదుగా లోపలికి ఎక్కినవి. తమ్ముడు ఏదో సర్దిచెప్పబోయాడు గాని, తల్లి మనస్సుకు సర్దుబాటు ఏమిటి? ఆ పూట నది ఒడ్డున జొన్నపొత్తులు తిని తిరిగి వచ్చాము. మా అబ్బాయి దారిపొడుగునా మాట్లాడలేదు.

కథ అంతటితో ముగియవలసిందే. అయితే తమ్ముడి పొరుగింటివారికి తెలిసిన ఒక పెద్దాయన, డెల్స్‌కు దక్షిణంగా బారాబూ అనే ఊరి దగ్గర పల్లెలో, పాత డక్ ఒకటి కొని తన కొట్టంలో బాగుచేసుకొంటున్నాడని తెలిసింది. పొలాల్లో ట్రాక్టర్లు మరమ్మతు చేసి బ్రతికిన మనిషి. భార్య గతించింది, పిల్లలు దూరాన ఉన్నారు. ఆయన పేరు అచ్చులో వేయడం ఆయనకు ఇష్టమో కాదో గనుక పెద్దాయన అనే అంటాము. ఆ వచ్చే శనివారం పోయి చూశాము. మరదలు కూడా వచ్చింది. చూస్తే ప్రమాదమేమీ లేదు గదా!

కొట్టం తలుపులు తీసేసరికి ఎదురుగా ఆ బండి గజగర్భంలా నిలిచి ఉన్నది. పొడవు 31 అడుగులు, ఏ సామానూ లేకుండానే ఆరున్నర టన్నుల బరువు. ఎవరి పొలంలోనో చెట్టు క్రింద చాలా ఏళ్ళు పడి ఉన్నదట. ఆకులు రాలి అడుగున కుళ్ళి, ఆ తడికి రేకు జల్లెడైపోయింది. అసలు ఆ రేకే పలుచన. అంగుళంలో పదహారో వంతునుంచి ఎనిమిదో వంతు వరకే దాని మందం. ఇది యుద్ధపు బండేగాని, తుపాకీ గుండుకు అడ్డు నిలిచే కవచం కాదు. పెద్దాయన చివికిన భాగమంతా మంటతో కోసి తీసివేసి, కొత్త రేకు అతికాడు. అతికిన చోటు నిలుస్తుందో లేదో ఎల్లా తెలుస్తుందని అడిగాము. చెరువులో దించి చూడాలా?

ఆయన నవ్వి, "బండిని నీళ్ళలో పెట్టడమెందుకు, నీళ్ళనే బండిలో పెడతాను," అన్నాడు.

లోపల జానెడు నీళ్ళు పోసి, దీపం పట్టుకొని అడుగున పడుకొని, ఎక్కడ చెమ్మ వస్తే అక్కడ సుద్దముక్కతో గుర్తు పెడతాడట. మా ఆవిడకు ఈ మాట చాలా నచ్చింది. చిన్నప్పుడు బిందెకు మాటు వేసేవాడు వీధిలోకి వస్తే వాళ్ళ అమ్మమ్మ చేయించిన పరీక్ష కూడా ఇదేనట. నీళ్ళు పోసి పొడినేల మీద పెట్టి, చుక్క రాలేదని చూశాకనే డబ్బులిచ్చేదట.

ఇంజను సంగతి అంత కష్టం కాదన్నాడు. ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను. ఇదే ఇంజనుతో, ఇవే గేర్లతో ఆ కంపెనీవారు సైన్యానికి అయిదు లక్షలకు పైగా మామూలు లారీలు చేశారు. కాబట్టి విడిభాగాలు ఎక్కడో ఒకచోట దొరుకుతూనే ఉంటవి. లారీలో ఉండి పడవలో లేనివి, పడవలో ఉండి లారీలో లేనివి ఏ చిక్కూ పెట్టవు. రెండూ కలిసే చోటనే ఉన్నది చిక్కంతా. ఆ మాట అర్థం కావడానికి మమ్మల్ని బండి క్రిందికి దూరమన్నాడు. దూరాము. నలభై దాటిన గుమాస్తా నడుముకు అది మంచి వ్యాయామమే.

క్రింద చూస్తే సంగతి బోధపడింది. ఇంజను తొట్టి లోపల ఉన్నది. ఇరుసులూ చక్రాలూ తొట్టి బయట, నీటిలో ఉన్నవి. లోపలి బలం బయటి ఇరుసుకు చేరాలంటే తిరిగే కడ్డీ ఒకటి తొట్టి గోడను దాటి రావాలి. ఇరుసులు మూడు గనుక మూడు వైపులా ఆ ఏర్పాటే. పంకాకు మరొక కడ్డీ, చుక్కానికి ఇంకొకటి. పోనీ కడ్డీ కదలకుండా తిరిగితే రంధ్రాన్ని బిగించవచ్చును. కాని గుంటలూ మిట్టలూ వచ్చినప్పుడు ఇరుసు స్ప్రింగుల మీద లేస్తుంది, దిగుతుంది. దానితో పాటు కడ్డీ కూడా ఊగుతుంది. ఊగేదాని చుట్టూ నీరు రాకుండా కట్టాలంటే సాగే వస్తువు కావాలి. అందుకని అక్కడ రబ్బరు తొడుగులు వేసి, రెండు కొసలా ఇనుప పట్టీలతో బిగిస్తారు. కోటు చేతికి మణికట్టు దగ్గర గుండీ పెట్టినట్లన్నమాట. పైన చూస్తే అంత బండి; అది తేలడమూ మునగడమూ బెత్తెడు రబ్బరు ముక్క మీద ఆధారపడి ఉన్నది.

పెద్దాయన ఒక పాత తొడుగును మా చేతిలో పెట్టాడు. పైకి నలుపుగా, బాగానే ఉన్నది. వంచి చూడమన్నాడు. వంచగానే మడత లోపల సన్నని గీతలు పగుళ్ళుగా విచ్చుకొన్నవి.

"ఇంజను ముసలిదైతే బండి ఆగిపోతుంది. ఇది ముసలిదైతే మునిగిపోతుంది. కాని జనం ఇంజను చూసి మెచ్చుకొంటారు," అన్నాడు.

అప్పుడు మరదలు బ్రాన్సన్ సంగతి ఎత్తింది. ఆయన మొగం గంభీరమయింది. అంతకంటె ముందు జరిగినది చెప్పాడు. 1999 మే 1న ఆర్కన్సా రాష్ట్రంలో హాట్ స్ప్రింగ్స్ దగ్గర, హామిల్టన్ అనే చెరువులో మిస్ మజెస్టిక్ అనే డక్ మునిగింది. 21 మందిలో 13 మంది పోయారు. గాలి లేదు, వాన లేదు. వెనుక ఇరుసుకు పోయే కడ్డీ దగ్గర రబ్బరు తొడుగు పట్టీ సరిగా బిగియలేదు. అది ఊడి, నీరు లోపలికి వచ్చింది. నీటిలో దిగిన ఏడు నిమిషాలకు బండి అడుగంటింది. పైన ఎండకని వేసిన కప్పు జనాన్ని పైకి రానీయలేదు. ఏడుగురి శరీరాలు ఆ కప్పు క్రిందనే దొరికినవి. ప్రమాదాలను విచారించే జాతీయ సంస్థవారు అప్పుడే చెప్పారు: నీరు నిండినా మునగకుండా తేలే ఏర్పాటు చేయండి, అంతవరకూ ఆ కప్పులు తీసివేయండి అని. 2018 నాటి బండికి ఆ కప్పు ఉన్నది. తేలే ఏర్పాటు లేదు.

2015 సెప్టెంబరు 24న సియాటిల్ నగరంలో జరిగినది ఇంకొక రకం. అది నీటిలో కాదు, వంతెన మీద. ముందు ఇరుసు తొడుగు విరిగి డక్ అదుపు తప్పి, విద్యార్థులున్న బస్సును కొట్టింది. అయిదుగురు చనిపోయారు. ఆ ఇరుసును గట్టిపరచవలసిందని బండి తయారు చేసినవారు 2013లోనే సూచన పంపారు. ఆ మరమ్మతు ఆ బండికి జరగలేదు. గుమాస్తాలమైన మాకు ఈ సంగతే ఎక్కువ గుచ్చుకొన్నది. కాగితం వచ్చింది. కాగితం వచ్చిన తరువాత దాని మీద చర్య తీసుకొన్నట్లు కాగితం లేదు. మనకు ఇది ఎంత పరిచయమైన విషయం! మన బల్లమీద ఆగిన కాగితం వలన ఒకరి పింఛను ఆలస్యమవుతుంది. అక్కడ ఆగిన కాగితం వలన అయిదుగురు పోయారు.

ఈ ప్రమాదాల తరువాత చట్టం వచ్చింది. 2022 డిసెంబరులో అక్కడి శాసనసభవారు నిబంధన పెట్టారు. 2023లో తీరరక్షక దళంవారు దానిని అమలులోకి తెచ్చారు. తేలే ఏర్పాటు లేని బండి నీటిలో ఉన్నప్పుడు పైకప్పూ ప్రక్కపరదాలూ ఉండరాదు. నీరు చేరితే మ్రోగే గంటలు ఉండాలి. తొట్టికి ఉన్న రంధ్రాలలో అవసరం లేనివాటిని శాశ్వతంగా మూసివేయాలి. ఎనభై ఏళ్ళ బండికి ఇన్నాళ్ళకు పుట్టిన చట్టం. ఆలస్యమే అయినా అందులో చివరి మాట ఆ కొట్టంలో నేలమీద పడుకొని చూసినవారికి బాగా అర్థమవుతుంది.

రంధ్రాలంటే మరొకటి చెప్పాలి. తొట్టి అడుగున బిరడాలున్నవి. ఒడ్డెక్కాక వాటిని విప్పి లోపల చేరిన నీరు వదిలేస్తారు. మళ్ళీ దిగేముందు బిగిస్తారు. మరచిపోతే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. పెద్దాయన ఒక ఉపాయం చేశాడు. బిరడాలు విప్పిన వెంటనే వాటిని జేబులో వేసుకోడు, బండి తాళంచెవి తగిలించే మేకుకు తాళంతో కలిపి కడతాడు. బిరడాలు చేతికి రాకుండా తాళం చేతికి రాదు. పాఠకులలో స్కూటరు తాళం, ఇంటి తాళం వెతుక్కొనేవారు ఈ పద్ధతిని గమనింతురుగాక.

ఇక రోజువారీ చాకిరీ. నీటిలోనుంచి వచ్చిన ప్రతిసారీ అడుగు అంతా తుడిచి, కీలు కీలుకూ గ్రీజు ఎక్కించాలి. గ్రీజు ఎంతవరకు అంటే, లోపలికి దూరిన నీరంతా బయటికి కక్కి, ఆ వెనుక శుభ్రమైన గ్రీజు కనబడేవరకు. ఇరుసులోని నూనెను కొంచెం తీసి చూడాలి. నల్లగా ఉంటే ఫరవాలేదు. మజ్జిగలా తెల్లబడితే నీరు చేరిందన్న మాట. ఆ రోజే మార్చాలి. నీటిలోనుంచి ఒడ్డెక్కిన వెంటనే బ్రేకులు పట్టవు, తడిసి ఉంటవి గనుక. నెమ్మదిగా పోతూ నాలుగైదుసార్లు తొక్కి ఆరబెట్టాలి. విస్కాన్సిన్ చలికాలంలో చెరువులు గడ్డకట్టి వాటిమీద బళ్ళు నడుస్తవి. తొట్టి మూలల్లో, పంపులో దోసెడు నీరు మిగిలినా అది గడ్డై ఉబ్బి ఇనుమును చీల్చేస్తుంది. కాబట్టి శీతకాలం రాకముందే ఎక్కడి నీటినక్కడ వదిలించాలి. చక్రాల గాలి మరొక విచిత్రం. డ్రైవరు తన చోటునుంచి కదలకుండా, బండి నడుస్తుండగానే టైర్లలో గాలి తగ్గించవచ్చు, పెంచవచ్చు. గట్టి రోడ్డు మీద 40 పౌండ్లు, మెత్తని ఇసుకలో 10, 12కు దించితే టైరు ఒంటె పాదంలా పరచుకొంటుంది. ఆ గాలి గొట్టాల అతుకులన్నీ కారకుండా చూసుకోవడానికి ఆయనకు ఒక శీతకాలమంతా పట్టిందట.

అదంతా వింటూంటే మాకు గోపాలపురం రేవు జ్ఞాపకం వచ్చింది. బరంపురం చుట్టుప్రక్కలవారికి చెప్పనక్కరలేదు గాని, దూరప్రాంతాల పాఠకులకోసం చెబుతాము. గోపాలపురం సముద్రంలో కెరటాల పోటు ఎక్కువ, ఓడలు ఒడ్డుకు రాలేవు. మన పెద్దలు కూలికీ కొలువుకూ రంగూను పోయే రోజుల్లో, ఓడ దూరాన లంగరు వేసుకొని ఉంటే, మసూలా పడవలే జనాన్ని కెరటాలు దాటించి ఎక్కించేవి. వాటిని నడిపినవారు, ఒడియావారు నోలియాలని పిలిచే మన తెలుగు జాలరులే. ఆ పడవకు ఒక్క మేకు ఉండదు. పలకకు పలకను కొబ్బరిత్రాటితో కుట్టి, కుట్టు క్రింద గడ్డి కూరుతారు. మేకు కొడితే కెరటం దెబ్బకు పలక చీలిపోతుంది. కుట్టుపడవ అయితే దెబ్బకు వంగి మళ్ళీ లేస్తుంది. అయితే కుట్టు గనుక కారుతుంది. ఒకడు ఎప్పుడూ నీరు తోడుతూనే ఉండాలి. త్రాడు కుళ్ళకముందే విప్పి మళ్ళీ కుట్టాలి.

ఈ సంగతి పెద్దాయనకు చెప్పాము. తమ్ముడు ఇంగ్లీషులో అందించాడు. ఆయన వింటూ వింటూ లేచి, చేతిలోని పానా క్రింద పెట్టి, "త్రాడు ఎన్నాళ్ళకు మారుస్తారు?" అని అడిగాడు. అమెరికాలో ఉన్న నెల రోజుల్లో మమ్మల్ని ఇంత ఆసక్తితో ఎవరూ ప్రశ్న అడగలేదు. రోజూ వాడే పడవైతే చేతితో తడిమి చూసి, మెత్తబడ్డచోట మారుస్తారనీ, ఇప్పుడు ఫైబరు పడవలు వచ్చి ఆ కుట్టేవారే కరువైపోయారనీ చెప్పాము. ఆయన తల ఊపాడు. డక్‌కు కూడా నీళ్ళు తోడే పంపులున్నవి. పంకా తిరుగుతూంటే దాని బలంతోనే నడుస్తవి. తొట్టికి రెండు అంగుళాల రంధ్రం పడినా మునగనీయకుండా తోడిపోయగలవట. అయితే ఇంజను ఆగితే పంపూ ఆగుతుంది గదా అన్నది మా మరదలు. అందుకే వేరే కరెంటు పంపు కూడా పెట్టానని చూపించాడు. మరదలు దగ్గరకు పోయి, వంగి, అది ఎక్కడ పెట్టాడో, తీగ ఎక్కడినుంచి వస్తున్నదో తరచి చూసింది. మూడు గంటలసేపు ఆ కొట్టంలో ఉంటే, చివరి గంటలో ప్రశ్నలన్నీ ఆమెవే.

బయలుదేరేటప్పుడు ఆయనను సూటిగా అడిగింది: "మీ మనుమలను ఎక్కిస్తారా?"

"ఈ బండిలో ఇంకా ఎక్కించను. వెనుక తొడుగు కొత్తది రావాలి. డెల్స్‌లో అయితే ముందు వాళ్ళ కొట్టం చూస్తాను, ఆ తరువాత ఆకాశం చూస్తాను, రెండూ బాగుంటే ఎక్కిస్తాను."

మర్నాడు ఆదివారం. ప్రొద్దున్నే మరదలే పిల్లలను లేపింది! డెల్స్ చేరేసరికి ఇంకా మొదటి సవారీ బయలుదేరలేదు. దూరాన రెండు బండ్ల క్రింద పనివాళ్ళు నూనె గుడ్డలతో, గ్రీజు పంపులతో పడుకొని ఉన్నారు. మరదలు అక్కడ నిలబడి చాలాసేపు చూసింది. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉన్నది. ఫోనులో వాతావరణం మరొకసారి చూసి, "సరే అక్కా, ఎక్కుదాం," అని మా ఆవిడ చెయ్యి పట్టుకొన్నది.

గంటసేపటి సవారీ. ముందు అడవిదారి; రాతి గోడల మధ్య బండి రెండు ప్రక్కలా రాసుకొంటుందేమో అన్నంత ఇరుకు. తరువాత ఏటవాలు దిగుడు. మా తలలమీద ఏ కప్పూ లేదు. నది ఎదురుగా లేచి వస్తున్నట్లు కనబడింది. ముక్కు నీటిని తాకగానే రెండు ప్రక్కలా తెల్లటి రెక్కలు విచ్చుకొని, అందరి ముఖాలూ తడిసినవి. ఆ వెంటనే ఒక క్షణం వింత నిశ్శబ్దం. చక్రాల క్రింద నేల పోయింది, కుదుపు పోయింది, బండి తేలుతున్నది. ఆ క్షణంలో మేము క్రిందికి చూశాము. మరదలు కూడా చూసింది. కాళ్ళ దగ్గర పలకలు పొడిగానే ఉన్నవి.

నదిలో గోడలను ప్రక్కనుంచి చూసి, ఒడ్డెక్కి, మళ్ళీ డెల్టన్ అనే చెరువులో దిగాము. ఆ చెరువుకూ ఒక కథ ఉన్నది. 1920లలో వాగుకు అడ్డకట్ట వేసి చేసిన చెరువు. 2008 జూన్ 9న విపరీతమైన వానలకు గట్టు ప్రక్కన రోడ్డు కొట్టుకొనిపోయి, కొద్ది గంటలలో చెరువు మొత్తం ఖాళీ అయి విస్కాన్సిన్ నదిలో కలిసింది. ఒడ్డున ఇళ్ళు కొన్ని విరిగి నీటితో పోయినవి. బోట్లన్నీ బురదలో మిగిలినవి. ఆ వేసవి ఆ చెరువు లేకుండానే గడిచింది. తెగిన చోటు పూడ్చి మరుసటి ఏడు మళ్ళీ నింపారు. ఇప్పుడు చూస్తే అంత గండం గడిచిన చెరువని ఎవరూ అనుకోరు. మనుషులు కట్టినవాటిలో నీటికి దారి ఎక్కడ దొరుకుతుందో నీటికే తెలుసు.

ఒడ్డెక్కాక డ్రైవరు నెమ్మదిగా పోతూ బ్రేకు నాలుగుసార్లు తొక్కాడు. మిగిలినవారు కుదుపేమిటా అని చూశారు. మా మరదలు, మా అబ్బాయి ఒకరి ముఖం ఒకరు చూసుకొని నవ్వుకొన్నారు.

మేము బరంపురం తిరిగి వచ్చిన రెండు నెలలకు తమ్ముడు ఫోనులో ఒక ఫొటో పంపాడు. పెద్దాయన బండికి పచ్చరంగు వేశాడు. కొత్త తొడుగు వచ్చిందట, బిగించాడట, ఊరి చెరువు రేవులో ముక్కు వరకు దించి, పావుగంట ఉంచి, పైకి లాగి బిరడా విప్పితే గ్లాసెడు నీరు వచ్చిందట. గ్లాసెడే గదా, అంత పెద్ద బండికి అదెంత అని తమ్ముడు అన్నాడట. ఆయన ఏమీ అనలేదట గాని, మర్నాటికి వెనుక ఇరుసు మళ్ళీ విప్పి నేలమీద పెట్టాడు. మంచు పడేలోపల కుదరకపోతే వచ్చే వేసవికి చూద్దామన్నాడట. గోపాలపురం వెళ్ళినప్పుడు కుట్టుపడవ ఎక్కడైనా మిగిలి ఉంటే, ఆ కుట్టు దగ్గరగా కనబడేటట్లు ఫొటో తీసి పంపమని మాకు కబురు చేశాడు.